పురపాలక పీఠం నుండి ఢిల్లీ సభ వరకు: ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి జీవితం



ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సంచికలో ఒక రాజకీయ నాయకుని జీవిత చరిత్రకు చోటెందుకని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. స్థలపురాణం, ఆగమ విశేషాలు, దాతల నామావళి ఉండవలసిన పుటలలో టంగుటూరి ప్రకాశం పంతులు గారి కథ ఏమిటని అడగవచ్చు. సందేహం సమంజసమే. అయితే స్వామివారి సన్నిధికి మీరు సమర్పించిన ప్రతి రూపాయి వెంటా ఒక ప్రశ్న నడచి వస్తుంది. ఇచ్చిన క్షణంలోనే ఆ సొమ్ము మీది కాకుండా పోయింది. మరి అది ఎవరిది? పుచ్చుకున్న చేతిదా, ఏ కార్యం కోసం ఇచ్చారో ఆ కార్యానిదా? ఆలయ ధర్మకర్తలకు ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతుంది. ప్రజల మధ్య బ్రతికిన ప్రకాశం గారికి ఇది జీవితాంతం ఎదురయింది. తన సొమ్మును ప్రజలకు ధారపోయడంలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు. ప్రజల సొమ్మును పుచ్చుకునే విషయంలో మాత్రం సాక్షాత్తు గాంధీ మహాత్ముని ఆక్షేపణకు గురి అయ్యారు. ఈ రెండు సంగతులనూ కలిపి చదివితేనే ఆయన జీవితం మనకు అర్థమవుతుంది. అందుచేత ఇందులో కీర్తనతో పాటు కొంత విమర్శ కూడా కనిపిస్తుందని ముందుగానే మనవి.

ఒంగోలుకు చేరువలోని వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న ప్రకాశం గారు జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. పదకొండేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించగా కుటుంబ భారం తల్లిపై పడింది. ఆమె ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. చదువరులారా, ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అన్నదానాన్ని మించిన దానం లేదని పురాణ శ్రవణంలో తలలు ఊపిన లోకమే, ఆ రోజుల్లో అన్నం వండి పెట్టి నాలుగు డబ్బులు తీసుకునే వితంతువును చిన్నచూపు చూసింది. ఆ చిన్నచూపును సహించి, పొయ్యి ముందు నిలబడి ఆ తల్లి పిల్లలను పెంచింది. పరీక్ష రుసుము కట్టవలసి వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు లేక తన పట్టుబట్టను కుదువపెట్టింది. మనం ప్రకాశం గారి త్యాగాన్ని పొగిడేటప్పుడు మొదటి త్యాగం సుబ్బమ్మ గారిదని మరచిపోతాము.

బాల్యంలో ఆయన అల్లరివాడని, తోటివారితో కలిసి నాటకాల వెంట తిరిగేవాడని ప్రసిద్ధి. ఆ నాటకాల మూలంగానే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయునికి చేరువయ్యారు. ఆయన ఒంగోలు నుండి రాజమహేంద్రవరం వెళ్ళేటప్పుడు ఈ శిష్యుని కూడా వెంట తీసుకొని వెళ్ళారు. ఒక పేద విద్యార్థిని తన ఇంటి బిడ్డగా చూసుకున్న ఆ గురువు లేకపోతే ఆంధ్రకేసరి ఉండేవారు కారు. రాజమహేంద్రవరం అప్పటికి కందుకూరి వీరేశలింగం పంతులు గారి సంస్కరణలతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకాలతో కళకళలాడుతున్న పట్టణం. చిలకమర్తి వారి గయోపాఖ్యానం ప్రదర్శనలో ప్రకాశం గారు కూడా పాత్ర ధరించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఒకసారి తప్పారు. అయినా న్యాయవాది కావాలన్న చిన్ననాటి కోరిక విడువలేదు. మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్రం చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమహేంద్రవరానికి తిరిగి వచ్చారు. ఆ తరగతి ప్లీడర్లు క్రింది కోర్టులలో మాత్రమే వాదించడానికి అర్హులు. ఆ పరిధిలోనే కొద్ది కాలంలో ఆయన పేరుకు పేరు, డబ్బుకు డబ్బు గడించారు.

ఇక ఈ వ్యాసానికి ముఖ్యమైన ఘట్టం. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటని వయసులో ఆయన రాజమహేంద్రవరం మునిసిపల్ చైర్మన్ పదవిని అధిష్ఠించారు. పూటకూళ్ళ ఇంటి నుండి వచ్చిన కుర్రవాడు, ఆ ఊళ్ళో వెనుక బంధుబలం గాని భూమి గాని లేనివాడు, పట్టణ ప్రథమ పౌరుడయ్యాడు. ఊరి పెద్దలలో కొందరికి ఇది రుచించలేదు. గట్టి పోటీని ఎదుర్కొని ఆయన గెలిచారు.

అప్పటి మునిసిపాలిటీని ఇప్పటి కళ్ళతో చూడరాదు. ఓటు హక్కు అందరికీ లేదు. పన్ను కట్టే కొద్దిమంది గృహస్థులదే పెత్తనం. సభ్యులలో కొందరిని ప్రజలు ఎన్నుకుంటే మరికొందరిని ప్రభుత్వం నియమించేది. ఇంటిపన్ను, బండ్ల పన్ను, అంగళ్ళ రాబడి, ఇంతే ఆదాయం. వీధి దీపాలకు కిరసనాయిలు, మురుగు కాలువలకు మరమ్మతు, మశూచికి టీకాలు, ప్రాథమిక పాఠశాలల పంతుళ్ళకు జీతాలు, ఇవన్నీ అందులో నుండే జరగాలి. చైర్మన్ పదవి అలంకారమనుకున్నవారికి అది సుఖమైన కుర్చీ. పని చేయదలచినవారికి మాత్రం రోజూ ఎవరితోనో ఒకరితో వైరం. పన్ను పెంచితే స్నేహితులు అలుగుతారు. వీధిలోకి చొచ్చుకు వచ్చిన అరుగు తీయమంటే బంధువులు శత్రువులవుతారు. ఆలయ కమిటీలలో పని చేసిన మీకు ఈ అనుభవం కొత్తది కాదు. పదిమంది సొమ్ముతో పదిమంది పని చేయడమంటే ఏమిటో ప్రకాశం గారు ఈ పట్టణ కుర్చీలోనే మొదట నేర్చుకున్నారు. తరువాత ఆయన అధిరోహించిన పదవులన్నీ దీనికంటె పెద్దవే, కాని పాఠశాల మాత్రం ఇదే అని నా అభిప్రాయం.

కోర్టు పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు ఆయన ప్రతిభను గమనించిన ఒక బారిస్టరు, క్రింది కోర్టులలో ఉండిపోక సీమకు వెళ్ళి బారిస్టరు కమ్మని సలహా ఇచ్చారు. సముద్రయానం చేసినవారిని కులం వెలివేసే కాలమది. అయినా 1904లో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టకూడదన్న నియమం పెట్టుకొని చదువు సాగించారు. అక్కడి భారతీయ సంఘంలో చేరి దాదాభాయి నౌరోజీ గారి ఎన్నిక కోసం కూడా పని చేశారు. 1907లో బారిస్టరై తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు. అదే సంవత్సరం బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యసించినప్పుడు, ప్రభుత్వాగ్రహానికి వెరచి ఎందరో వెనుకాడగా, సభకు అధ్యక్షత వహించిన ధైర్యం ప్రకాశం గారిది.

తరువాతి పన్నెండు, పదమూడేళ్ళు ధనార్జన కాలం. సివిల్, క్రిమినల్ కేసులు రెంటిలోనూ ఆయన వాదన కోసం కక్షిదారులు వేచి ఉండేవారు. తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయిల పక్షాన నిలిచిన న్యాయవాదులలో ఆయన ఒకరు. న్యాయశాస్త్ర పత్రిక ఒకటి నడిపారు. స్థిరాస్తులు సంపాదించారు. మద్రాసులో ఆ స్థాయి ప్రాక్టీసు ఉన్న తెలుగువారు ఆనాడు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది మాత్రమే. అక్కడే ఆగి ఉంటే ఆయన వంశం తరతరాలు కూర్చుని తినగలిగేది.

1921లో గాంధీగారి పిలుపుపై ఆ ప్రాక్టీసును ఒక్కసారిగా వదిలివేశారు. అదే ఏడు అక్టోబరులో మద్రాసు నుండి స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రికను ప్రారంభించారు. తెలుగు, తమిళ భాషలలోనూ దానిని నడిపారు. ఆ డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసు మహాసభలో అఖిల భారత కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులలో ఒకరుగా ఎన్నికయ్యారు. పంజాబులో గురుకా బాగ్ సత్యాగ్రహం జరిగినా, ముల్తానులో మత కలహాలు రేగినా, మలబారులో మోప్లా తిరుగుబాటు చెలరేగినా ఆయన అక్కడికి వెళ్ళి స్వయంగా చూచి రావలసిందే. నిషేధాన్ని లెక్కచేయక మలబారు వెళ్ళినందుకు ప్రభుత్వం ఊటీలోని ఆయన ఆస్తిని జప్తు చేసింది.

స్వరాజ్య పత్రిక గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన సిరిసంపదలు కరిగినది అక్కడే. పత్రికకు వాటాల రూపంలో ప్రజల నుండి కొంత సొమ్ము వచ్చింది. అది చాలలేదు. వ్యాపార ప్రకటనలు తక్కువ, ప్రభుత్వ ఆగ్రహం ఎక్కువ. లోటు పూడ్చడానికి ప్రకాశం గారు తన ఆస్తిని ఒక్కొక్కటిగా అందులో పోశారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు పున్నయ్య వంటి ప్రముఖ పాత్రికేయులు ఆ కార్యాలయంలో పని చేసినవారే. జీతాలు సకాలంలో అందకపోయినా వారు పనిని విడువలేదంటే ఆ పత్రికపై వారికున్న అభిమానం ఎటువంటిదో ఊహించండి. 1930లో పత్రిక ఆగిపోయింది. గాంధీ ఇర్విన్ ఒడంబడిక తరువాత మళ్ళీ మొదలై, డబ్బు లేక మళ్ళీ ఆగింది. ఒకప్పుడు వేలల్లో ఆర్జించిన బారిస్టరు చివరకు అప్పులు మిగుల్చుకున్నారు. వ్యవహార జ్ఞానం గల ఒక మేనేజరు చెప్పిన మాట వినివుంటే పత్రిక బ్రతికి ఉండేదేమో. ఇవ్వడం తెలిసినంతగా లెక్క వ్రాయడం ఆయనకు తెలియదన్నది ఆయనను ఆరాధించినవారు కూడా కాదనలేని సంగతి.

పత్రిక నడుస్తుండగానే, 1926లో ప్రకాశం గారు కాంగ్రెసు అభ్యర్థిగా కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఒక పట్టణ మునిసిపల్ చైర్మన్, రమారమి పాతికేళ్ళకు, దేశమంతటికీ చట్టాలు చేసే సభలో సభ్యుడయ్యారు. ఢిల్లీలో వర్తులాకారంలో నిర్మించిన నూతన సభాభవనాన్ని 1927 జనవరి 18న వైస్రాయి ఇర్విన్ ప్రారంభించగా, ఆ భవనంలో మొదటిసారి కూర్చున్న శాసనసభ ప్రకాశం గారు సభ్యులుగా ఉన్న ఈ సభయే. స్వాతంత్ర్యానంతరం మన పార్లమెంటుగా ఏడు దశాబ్దాలకు పైగా ప్రసిద్ధి పొంది, 2023 సెప్టెంబరు నుండి సంవిధాన్ సదన్ అనే పేరు వహించినది ఆ కట్టడమే. అయితే ఆనాటి సభకు కోరలు తక్కువ. ఓటర్లు ఆస్తిపరులైన కొద్దిమంది మాత్రమే. సభ ఎంత కాదన్నా వైస్రాయి తన విశేషాధికారంతో తాను తలచినది అమలు జరిపించగలడు. విఠల్‌భాయి పటేల్ అధ్యక్ష స్థానంలో, మోతీలాల్ నెహ్రూ, మదనమోహన మాలవీయ వంటి మహామహులు సభ్య స్థానాలలో ఉన్న ఆ సభ, అధికారం లేకపోయినా దేశం గొంతును ప్రపంచానికి వినిపించింది. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర దత్తు బాంబు విసిరినది కూడా ఆ సభలోనే.

మీరందరూ బాల్యం నుండి పాఠ్యపుస్తకాలలో చదివిన ఘట్టం ఈ సభ్యత్వ కాలంలోనిదే. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన 1928 ఫిబ్రవరి 3న దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసులో హైకోర్టు సమీపాన, పారిస్ కార్నర్ వద్ద జనం పోగయ్యారు. పోలీసులు కాల్పులు జరపగా పార్థసారథి అనే యువకుడు నేలకొరిగాడు. శవం దగ్గరకు వస్తే కాలుస్తామని పోలీసులు తుపాకులు ఎత్తారు. ప్రకాశం గారు చొక్కా విప్పి రొమ్ము చూపి ముందుకు నడిచారు. తుపాకులు దిగాయి, ఆయనకు, ఆయన వెంట ఉన్నవారికి దారి దొరికింది. ఆనాటి నుండి ఆంధ్రకేసరి అన్న బిరుదు ఆయన పేరుకు ముందు నిలిచిపోయింది. అప్పటికి ఆయన వయసు యాభై అయిదు. ఉడుకు రక్తంతో చేసిన సాహసం అనడానికి వీలు లేదు. కేంద్ర శాసనసభ్యుడైన పెద్దమనిషి ఢిల్లీ సభలో ఒక ఖండన తీర్మానంతో సరిపెట్టుకొనవచ్చు. చచ్చిపోయిన ఒక అనామక యువకుని దగ్గరకు వెళ్ళి చూడడం తన బాధ్యత అని ఆయన భావించారు.

1930లో శాసనసభ్యులు రాజీనామా చేయాలని కాంగ్రెసు నిర్ణయించినప్పుడు ఆయన రాజీనామా ఇచ్చారు. తరువాత ఆ విధానం పట్ల నమ్మకం కలగక ఉప ఎన్నికలో మళ్ళీ నిలబడి గెలిచారు. గాంధీగారు దండికి నడిచి ఉప్పు చట్టాన్ని ధిక్కరించగానే ఆ స్థానాన్ని కూడా వదలి సత్యాగ్రహంలో దూకారు. ఈ ఊగిసలాటను విమర్శించినవారు ఉన్నారు. తనకు సరి అని తోచినంత వరకే ఎవరి మాటనైనా వినే స్వభావం ఆయనది. గాంధీగారి మాటకు కూడా ఇందులో మినహాయింపు లేదు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవిన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల స్థితిగతులను విచారించే సంఘానికి అధ్యక్షులుగా జిల్లాలు తిరిగి, 1938లో నివేదిక సమర్పించారు. ఇది మన ప్రాంతానికి నేరుగా సంబంధించిన విషయం. మన పొరుగున ఉన్న పొదిలి, దర్శి ప్రాంతాలు వెంకటగిరి సంస్థానం క్రింద ఉండేవి. చెరువు తెగితే కట్ట వేయించే బాధ్యత ఎవరిది, అడవిలో కట్టెపుల్ల తెచ్చుకుంటే పుల్లరి కట్టాలా, శిస్తు ఎంత వరకు న్యాయం, ఇవి ఆనాటి మెట్ట రైతు ఇంటి ముందరి సమస్యలు. భూమి దున్నేవాడిదే గాని శిస్తు వసూలుకు నియమితుడైన జమీందారుది కాదన్నది ప్రకాశం గారి సంఘం తేల్చిన సారాంశం. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో అప్పటికి అది కాగితం మీదనే ఉండిపోయింది. పదేళ్ళ తరువాత 1948లో వచ్చిన ఎస్టేటుల రద్దు చట్టానికి దారి వేసినది ఆ నివేదికే. ఈనాడు ఆ ప్రాంతాలలో తమ పేరిట పట్టా ఉన్న కుటుంబాలకు ఆ నివేదికతో బంధుత్వం ఉంది.

ఆ మంత్రివర్గ కాలంలోనే మరొక సంగతి. 1939 జులైలో మధుర మీనాక్షీ అమ్మవారి ఆలయంలోకి, అంతవరకు గుడి మెట్లెక్కనివ్వని వర్గాల భక్తులు ప్రవేశించారు. ఆ ప్రవేశాన్ని సమ్మతించిన ఆలయ అధికారులకు రక్షణ కల్పిస్తూ ప్రభుత్వం చట్టం చేసింది. దానికి ముఖ్య కారకులు రాజాజీ గారు, మధురలోని వైద్యనాథయ్యరు గారు. ప్రకాశం గారు ఆ మంత్రివర్గంలో సభ్యులు. గుడి తలుపులు అందరికీ తెరచుకోవడం మనకు ఈనాడు సహజంగా కనిపిస్తుంది గాని, దాని వయసు ఎనిమిదిన్నర దశాబ్దాలు మాత్రమే.

యుద్ధకాలంలో వ్యక్తి సత్యాగ్రహం, తరువాత క్విట్ ఇండియా ఉద్యమం, 1945 వరకు కారాగారం. వయసు డెబ్బయి దాటింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. జైలు నుండి వచ్చిన పెద్దాయన పర్యటనకు వెళ్ళిన చోటల్లా ప్రజలు చందాలు పోగుచేసి సన్మాన నిధులు సమర్పించారు. అప్పటి వాడుకలో వాటిని పర్సులు అనేవారు. మొదట మనవి చేసిన ప్రశ్న ఇక్కడ నిటారుగా లేచి నిలబడింది.

ప్రజా జీవితంలో ఉన్నవాడు ప్రజలు ఇచ్చిన నిధిని స్వంత ఖర్చులకు వాడుకొనరాదని గాంధీగారి సిద్ధాంతం. ప్రజాసేవకుని చేతికి వచ్చినది ప్రజా నిధి. దానికి అణాపైసలతో లెక్క ఉండాలి. ప్రకాశం గారు ఇందుకు ఒప్పుకోలేదు. తన సర్వస్వం దేశానికి ఇచ్చిన తన జీవనం కోసం ప్రజలు తెలిసి, ప్రేమతో, తనకే ఇచ్చిన సొమ్ము అది అని ఆయన భావన. ఇద్దరూ సత్యవంతులే. ఇద్దరి వాదంలోనూ బలం ఉంది. మన ఆలయ పరిభాషలో చెప్పాలంటే హుండీలో వేసిన కానుక వేరు, అర్చకుని పళ్ళెంలో పెట్టిన దక్షిణ వేరు. మొదటిది స్వామివారి ఖాతా, రెండవది అర్చకుని ఇంటి పోషణ. ప్రజలు ప్రకాశం గారికి ఇచ్చినది ఈ రెంటిలో ఏది? ఇచ్చినవారిని అడిగితే పళ్ళెంలో పెట్టామనే అధిక సంఖ్యాకులు చెప్పి ఉంటారని నాకు తోస్తుంది. కాని పళ్ళెం హుండీ అంత పెద్దదైనప్పుడు, పుచ్చుకొనేవారు రేపు రాష్ట్రాన్ని ఏలబోయేవారైనప్పుడు, లెక్క చూపమని అడగడం తప్పు కాదు. ఈ విషయంలో గాంధీగారి పక్షమే గట్టిదని చెప్పక తప్పదు. ఆ నిధులతో ప్రకాశం గారు మేడలు కట్టలేదు. చేతికి వచ్చినది వచ్చినట్టే వెళ్ళిపోయేది. అయినప్పటికీ వ్రాతలో లేని ఖర్చుకు సాక్ష్యం ఉండదు కదా.

గాంధీగారి మొగ్గు రాజాజీ వైపు ఉన్నా, కాంగ్రెసు శాసనసభా పక్షం ప్రకాశం గారిని నాయకునిగా ఎన్నుకుంది. 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని పదవి చేపట్టారు. గ్రామాలను ఫిర్కాల వారీగా అభివృద్ధి చేసే పథకం, ఖద్దరును కాపాడడానికి కొత్త నూలు మిల్లులను అడ్డుకోవడం, మద్యనిషేధం విస్తరించడం, ఇవి ఆయన తలపెట్టిన పనులు. మిల్లుల విషయంలో ఆయన పట్టుదల అతిగా ఉందని ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. సొంత పార్టీలోని వర్గాలు ఏకమై పదకొండు నెలలు తిరగకుండానే, 1947 మార్చిలో ఆయనను దింపివేశాయి.

అదే కాలంలో ఆయన రాజ్యాంగ సభ సభ్యులుగా ఢిల్లీలోని అదే వర్తుల భవనంలో మళ్ళీ అడుగుపెట్టారు. వైస్రాయి మాటే చెల్లిన చోట ఇప్పుడు స్వతంత్ర దేశానికి రాజ్యాంగం వ్రాస్తున్నారు. ముసాయిదాలో గ్రామానికి చోటు లేదని విమర్శ చెలరేగినప్పుడు ప్రకాశం గారు గ్రామ పంచాయతీల పక్షాన గట్టిగా మాట్లాడారు. 1948 నవంబరు 22న సంతానం గారు ప్రతిపాదించిన సవరణను ఆయన హర్షించారు. అదే పంచాయతీలను నిర్మించవలసిందని రాజ్యాన్ని ఆదేశించే 40వ అధికరణంగా నేడు రాజ్యాంగంలో ఉంది. దేశ భవిష్యత్తును చర్చించే సభలో కూర్చుని, ఊరి వీధి దీపం సంగతి ఊరే చూసుకోవాలని కోరుకున్న ఈ వృద్ధునిలో రాజమహేంద్రవరం మునిసిపల్ చైర్మన్ కనిపిస్తాడు. 1948లోనే, రజాకార్ల దౌర్జన్యం పతాక స్థాయిలో ఉండగా, నెహ్రూ గారు వారించినా వినక హైదరాబాదు వెళ్ళి కాశిం రజ్వీని కలిసి వచ్చారు.

పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణతో ఆంధ్ర రాష్ట్రం సాధ్యమై 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అవతరించింది. అప్పటికి కాంగ్రెసుకు వెలుపల ప్రజాపార్టీలో ఉన్న ప్రకాశం గారినే తొలి ముఖ్యమంత్రిగా ఎంచుకున్నారు. వయసు 81. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఆనాడు కర్నూలు జిల్లాలోనివి. అంటే రాజధాని మన పడమటి ప్రాంతం వారి స్వంత జిల్లాకే వచ్చింది. కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. వినుకొండ, కురిచేడు దాటి దొనకొండ, మార్కాపురం మీదుగా నంద్యాల వైపు పోయే మీటరుగేజి రైలు మార్గం కోస్తాను ఆ రాజధాని దిక్కుకు కలిపింది. (2014లో మళ్ళీ రాజధాని వెదకవలసి వచ్చినప్పుడు మన దొనకొండ పేరే కొంత కాలం అందరి నోళ్ళలో నానడం మీకు గుర్తుండే ఉంటుంది.)

ప్రభుత్వం పదమూడు నెలలే నిలిచింది. ఆ స్వల్ప వ్యవధిలో జరిగిన పనులలో ఒకటి భక్తులకు ప్రత్యేకంగా నచ్చేది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. దానికి స్థలం ఇచ్చినది తిరుమల తిరుపతి దేవస్థానం. కొండ మీద హుండీలో పడిన కానుక కొండ క్రింద రాయలసీమ, నెల్లూరు బిడ్డల చదువుగా మారింది. పరీక్ష రుసుముకు తల్లి బట్ట కుదువపెట్టిన కుర్రవాడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో అది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. దైవఘటన అనుకునేవారితో నాకు పేచీ లేదు. 1952లో గండిపడిన కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి పని కూడా 1954లోనే మొదలయింది. మద్యనిషేధం విషయంలో తలెత్తిన వివాదంపై 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆ ఒక్క ఓటు కోసం ఎవరినీ ప్రలోభపెట్టని ముఖ్యమంత్రిగా ఆయన ఇంటికి వెళ్ళారు.

ఇంటికి అని వ్రాశాను గాని చెప్పుకోదగిన స్వంత ఇల్లు ఆయనకు మిగలలేదు. అభిమానుల ఆదరణపైనే చివరి రోజులు గడిచాయి. ఆయన ఆత్మకథ నా జీవిత యాత్రలో చివరి భాగాన్ని అనుచరులైన తెన్నేటి విశ్వనాథం గారు పూర్తి చేయవలసి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ వయసులో కూడా ఆయన పర్యటనలు మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు సమీపాన ఒక హరిజనవాడకు వెళ్ళారు. రోహిణీ కార్తె ముంగిట మన ప్రాంతపు ఎండ ఎటువంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. వడదెబ్బ తగిలింది. హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చారు. 1957 మే 20న ఆయన తనువు చాలించారు.

కృష్ణపై బ్యారేజి ఆ సంవత్సరమే పూర్తయి ఆయన పేరు ధరించింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లా ఏర్పరచారు. 1972లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, డిసెంబరు 5న దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అంతకు ముందు కర్నూలు అని వ్రాసుకున్న మార్కాపురం, గిద్దలూరు వారు, నెల్లూరు అని వ్రాసుకున్న పొదిలి, దర్శి వారు, గుంటూరు అని వ్రాసుకున్న ఒంగోలు, అద్దంకి వారు అందరూ ఆ నాటి నుండి ఉత్తరాల మీద ఒకే పేరు వ్రాయసాగారు.